మాట వినని అమ్మ

ముందే ఒప్పుకుంటున్నాను. మా అమ్మ అక్క చేత తిట్లు తింటుంటే, తలుపు పక్కన నిలబడి వినడం నాకిష్టం. వెళ్లి అడ్డుపడను. ఒక్కోసారి నవ్వు కూడా వస్తుంది.

పొద్దున్నే మొదలవుతుంది.

"అమ్మా, లేచావా? కర్టెన్ తియ్యి. కాస్త ఎండ మొహానికి తగలనీ."

అమ్మ లేచే ఉంటుంది. మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ కర్టెన్ వంకే చూస్తుంటుంది. తియ్యదు.

కాసేపాగి మళ్లీ.

"తియ్యలేదు కదూ? నాకు తెలుసు."

"తియ్యను. ఏం చేస్తావేం?" అంటుంది అమ్మ.

"ఓ మహాతల్లీ! సూర్యుడు కూడా నీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని రావాలా?"

అప్పుడు చూడాలి అమ్మ మొహం. అంత చీకటి గదిలోనూ తెలుస్తుంది. పందెం గెలిచినట్టు ఉంటుంది.

అక్కదీ నాదీ ఒకటే చదువు, ఒకటే రకం ఉద్యోగం. కంప్యూటర్ ముందు కూర్చుని మెడలు పట్టేయించుకోవడం. కాకపోతే అక్కకి అదనంగా ఇంకో పిచ్చి. దిగులుకి మందు చిన్న చిన్న అలవాట్లలోనే ఉందని అక్క సిద్ధాంతం. అమ్మ రిటైరై ఇంట్లో డీలా పడిపోయినప్పుడు ఆ సిద్ధాంతమంతా తెచ్చి ఆవిడ మీద పెట్టింది.

ఇందులో కామెడీ ఏమిటంటే, అమ్మ నర్సు. వార్డులో ఉన్నన్నాళ్లూ "నడవండి, నీళ్లు తాగండి, ఊరికే ఆలోచించకండి" అని పేషెంట్ల ప్రాణం తీసిన మనిషి.

ఇప్పుడు గ్లాసుడు నీళ్లు తాగించాలంటే యుద్ధం.

"నీళ్లు తాగు. బాటిల్ వంక చూడ్డం కాదు, తాగడం."

"చెప్పులేసుకో. వీధి చివరిదాకా వెళ్లి రా. పక్కింటి ఆంటీ కనిపిస్తే మాట్లాడు. నా పెళ్లి గురించి తప్ప ఏదైనా మాట్లాడు."

"కళ్లు మూసుకో. మెల్లిగా పీల్చు. ఇప్పుడు వదులు. అది నిట్టూర్పమ్మా, ఊపిరి కాదు."

ఒక్కటీ చెయ్యదు. అక్క గొంతులో విసుగు పెరుగుతుందే గానీ అలుపు రాదు. వంటింట్లోకి, హాల్లోకి, నా గదిలోకి ఆ గొంతు వచ్చేస్తూనే ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఆఖరి ప్రశ్న.

"ఇవాళ నీకు నచ్చిన విషయం ఒక్కటి చెప్పు. ఒక్కటైనా ఉంటుందిగా?"

"నువ్వు తిట్టావుగా. అదే," అంటుంది అమ్మ. ఆ ఒక్కదానికే బుద్ధిగా జవాబు చెప్తుంది.

ఇలాగే సాగిపోయేది. కానీ మొన్న అమ్మ బాత్‌రూమ్‌లో తూలి గోడ పట్టుకుంది. డాక్టరు అమ్మకి పాత పరిచయం. బీపీ చూసి, పట్టీ విప్పకుండానే మళ్లీ చూశాడు.

"సిస్టర్, మీకు నేను చెప్పాలా? మాత్రలకి లొంగడం లేదు. నడక లేదు, నిద్ర లేదు, నీళ్లు లేవు. ఇలాగే ఉంటే ఈసారి తూలడంతో ఆగదు."

"తెలుసు సార్," అంది అమ్మ.

నాకు భయం వేసింది ఆ మాటకే. తెలిసే చేస్తోంది.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను. "అక్క చెప్పేది కూడా అదేగా. ఒక్కసారి వినొచ్చుగా."

"దాని సంగతి నేను చూసుకుంటాను. మధ్యలో నువ్వు రాకు."

"నీకేమైనా అయితే నేనెవరితో ఉండాలి? అది కూడా నువ్వే చూసుకుంటావా?"

అమ్మ నా వైపు తిరిగింది.

"సరే. రేపు ఒక్కరోజు చేస్తాను. నీ కోసం."

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. అక్క నోరు తెరవకముందే కర్టెన్ లాగేశాను. గదిలో అంత దుమ్ము ఉందని ఎండ పడ్డాకే తెలిసింది. నీళ్లు తాగించాను. చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించాను. పక్కింటి ఆంటీ దగ్గర ఆగి మొక్కల గురించి మాట్లాడించాను. ఊపిరి పీల్చడం ఇద్దరం కలిసి చేశాం. మధ్యలో నాకు తుమ్ము వస్తే అమ్మ నవ్వింది కూడా. మధ్యాహ్నం కాస్త కునుకు తీసింది. సాయంత్రం మిషన్ పెట్టి చూస్తే బీపీ దిగింది.

"చూశావా? మంత్రం వేసినట్టు!" అన్నాను.

అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. చెవి మాత్రం తన గది వైపే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాన్ చప్పుడు, వంటింట్లో కుళాయి చుక్కలు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో కుళాయి కారుతోందని కూడా నాకు తెలియదు.

"అది ఇవాళ ఒక్క మాట కూడా అనలేదే," అంది చివరికి.

"అన్నీ చేసేశావుగా. ఇంకేమంటుంది?"

"అందుకేనే నేను చెయ్యనిది."

పొద్దుట నుంచీ నేను కష్టపడి తెచ్చిన కళంతా ఆ మొహంలోంచి దిగిపోయింది.

"రేపు నన్ను నడిపించకు, తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"నడుద్దాం. నీళ్లూ తాగుదాం. అదీ మాట్లాడుతుంది. నువ్విక్కడే ఉండు," అన్నాను.

గదిలోకి వెళ్లి, అమ్మ ఫోన్‌లో అక్క చేసిచ్చిన యాప్‌లో పొద్దుట నుంచీ నేను నొక్కిన 'చేసేశాను' టిక్కులన్నీ ఒక్కొక్కటే తీసేసి, ఫోన్ తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. యాక్సిడెంట్‌లో పోకముందు అక్క రికార్డు చేసి పెట్టిన, టిక్కు లేకపోతేనే పలికే ఆ గొంతు ఎప్పుడు తిడుతుందా అని ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.