ఎద్దు తాగినాక

చెరువుకు, కరువుకు తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం ఈ ఏడు కూడా కురవలేదు.

కదిరి నరసింహస్వామికి మొక్కుకుని ఊరికి తిరిగొస్తూ బాలప్ప, భార్య తిప్పమ్మ తమ ఒంటి ఎద్దును తోలుకుని, చీకట్లో ఎండిన చెరువుకు అడ్డంపడి నడుస్తున్నారు. బాటిల్లో చివరి గుక్క మధ్యాహ్నమే అయిపోయింది. తిప్పమ్మ పడుతూ లేస్తూ వస్తోంది.

చెరువు నడుమ ఎద్దు ఆగి నేలకు మూతి ఆనించింది. గటగటమని తాగుతున్న చప్పుడు.

బాలప్ప దాని మూతి కింద చెయ్యి పెట్టాడు. పొడి ఇసుక. తవ్వినా పొడి ఇసుకే. ఎద్దు తల ఎత్తితే మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఈడ నీళ్లు లేవు మే. పోదాం పా."

"పశువు తాగిన నీళ్లు మనిషి తాగచ్చని మా నాయన చెప్తాండె. నాకింగ చేతకాదు మామా."

ఆమె ఎద్దు పక్కన వంగింది. బాలప్ప భుజం పట్టి లాగినా కదల్లేదు. ఇప్పుడు గుటకలు రెండు గొంతులవి.

చాలాసేపటికి ఆమె ముఖం ఎత్తింది. గడ్డం తడిగా ఉంది.

"రా మామా, సల్లగుండాయి."

ఆమె పెదవులు కదల్లేదు. మాట ఇసుక కిందనుంచి వచ్చింది.

బాలప్ప ఎండిన నాలుకతో పెదవులు తడుముకున్నాడు. తర్వాత మోకాళ్లు వంచాడు.