పాత లేత్ హ్యాండిల్

"మళ్ళీ తేడా వచ్చింది!" కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు తల పట్టుకున్నాడు.

పది మిల్లీమీటర్లు ముందుకి పొమ్మంటే నాన్న లేత్‌లో ఇనుము చెక్కే ఉలిని మోసే స్లైడు సరిగ్గానే పోతోంది. వెనక్కి రమ్మంటే మాత్రం వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది. నా కడుపు చల్లబడింది. ముప్పై ఏళ్ళు నేను నడిపిన లేత్‌కి, హ్యాండిల్ దానంతటదే తిరిగేలా మోటార్లు బిగించాడని షెడ్డుకొచ్చిన ప్రతివాడూ వాణ్ణే మెచ్చుకుంటుంటే మండదా మరి?

"స్లైడుని జరిపే స్క్రూ అరిగిపోయిందన్నా. ఇన్నాళ్ళూ దీంతో ఎలా నెట్టుకొచ్చావ్?"

"వెనక్కొచ్చేటప్పుడు కాస్త ఎక్కువ తిప్పుతాను."

"కాస్త అంటే ఎంత?"

"నా చేతికి తెలుసు," అన్నాను గొప్పగా.

వాడు మోటారు ఆపి, స్లైడుకి కొలత గేజ్ ఆనించి, హ్యాండిల్‌ని పది మిల్లీమీటర్లు వెనక్కి తిప్పమన్నాడు. కళ్ళు మూసుకుని తిప్పాను. స్లైడు సరిగ్గా పదే జరిగింది. హ్యాండిల్ మాత్రం దాని చుట్టూ ఉన్న కొలత గీతల్లో పన్నెండు ఎక్కువ తిరిగింది. వాడు ఆ పన్నెండూ కంప్యూటర్లో కొట్టి, మోటారు వేశాడు. ఈసారి స్లైడు తేడా లేకుండా వెనక్కొచ్చి ఆగింది.

"నా చేతి పనితనం కూడా లాగేసుకున్నావుగా. ఇంక ఆ హ్యాండిల్ ఎందుకు, పీకి అవతల పారెయ్!"

వాడు హ్యాండిల్ వైపే చూస్తున్నాడు.

"ఒక్కసారి నన్ను తిప్పనిస్తావా? నాన్న నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. నువ్వు తిప్పుతుంటే గుమ్మంలో నిలబడి కుళ్ళిపోయేవాణ్ణి."

పక్కకి జరిగి, వాడి చెయ్యి పట్టుకుని హ్యాండిల్ దగ్గరికి తెచ్చాను.

"ముందు మోటారు ఆపు," అన్నాను.