పేడనడుగు

పశువుల్ని మేపి బలిపించే దొడ్డి ఒకటుంది. అక్కడి పశువుల కడుపుల్లో కంటికి కనబడని పురుగొకటి కాపురం పెట్టింది. దానివల్ల పశువులకి నలతైనా లేదు. వాటి పేడ చిందిన తొట్టిలో నీళ్లు తాగిన కుక్కపిల్ల మాత్రం పది రోజులు పైకి లేవలేదు.

డాక్టరమ్మ టీకా తెచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేలాలని సగం పశువులకి మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్లు పొడిచింది. ఎవరికేది పడిందో చెప్పలేదు.

మైలడనే ఎద్దుకి చెప్పే పనే లేకపోయింది. "నాకు పడింది మందే! కడుపు అద్దంలా ఉంది!" అని దొడ్డి అదిరేలా రంకె వేశాడు. "రారా బుజ్జీ, నా తొట్టిలో తాగు. పూచీ నాది."

కుక్కపిల్ల నాలుక చాపింది. మైలడి వీపు మీది కొంగ చటుక్కున దిగి దాని ముక్కు మీద ఒక్కటి పొడిచింది.

"ఆగరా! డాక్టరమ్మ రోజూ పరీక్షకి పేడ పట్టుకెళ్తోందిగా, సంగతేంటో తేలనీ."

"నేనింత గట్టిగా చెబుతుంటే పేడనడుగుతుందా?" మైలడు ఉడుక్కున్నాడు.

"నీకు గొప్పలు చెప్పుకోవాలని ఉంటుంది. పేడకి ఉండదుగా," అంది కొంగ.

నెల తిరిగింది. మందు పడిన పశువుల పేడలో పురుగు బాగా తగ్గింది. మైలడి పేడలో మాత్రం జాతరే. అతనికి పడినవి ఉప్పునీళ్లు! డాక్టరమ్మ ఈసారి అతనికీ అసలు మందు వేసింది.

మర్నాడు కుక్కపిల్ల దూరంగా నిలబడి పలకరించింది. "మామా, ఇప్పుడు కడుపెలా ఉంది?"

మైలడు మెల్లగా వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"నన్నెందుకడుగుతావురా? పేడనడుగు."