మూడో విజిల్

మాడు వాసన ముందుగా పట్టింది, మిల్లులో అంతా నూనెడబ్బా అని పిలిచే నేస్తం. చెబుతున్న కబురు సగంలో ఆపి, ముక్కు ఎగబీల్చి, వంటింటివైపు వేలు చూపించాడు. ఇల్లు మేస్త్రిది, వంటా మేస్త్రిదే. నలుగురూ ఒక్క ఉదుటున లేచి పరిగెత్తారు.

స్టవ్ మీద కుక్కర్ పొగ కక్కుతోంది. మేస్త్రి మంట ఆర్పేసి, దాన్ని గుడ్డతో పట్టుకుని సింకులో పెట్టి, పైన కుళాయి తిప్పాడు. చల్లారాక మూత తీసి చూస్తే, పొద్దుటినుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని వండిన కోడికూర బొగ్గయిపోయి అడుగున అతుక్కుపోయి ఉంది.

పాపం, కుక్కర్ కూయడానికి బాగానే కూసి ఉంటుంది. వినే నాథుడేడీ? ఆ నలుగురూ మగ్గాల మిల్లులో జీవితాలు అరగదీసినవాళ్లు. మిల్లు వాళ్లకు పింఛనుతో పాటు చెవుడు కూడా ఇచ్చి ఇంటికి పంపింది. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతోనూ పెదాలతోనూ మాట్లాడుకునేవారు. ఇవాళా అంతే. హాల్లో కూర్చుని, ఒక్క మాట పైకి అనకుండా కబుర్లాడుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

మేస్త్రి తలెత్తి హాలు గుమ్మం మీదున్న బల్బును చూశాడు. పడకగదిలో, కాలికి కట్టుతో పడుకున్న భార్య మంచం పక్కనే ఉంది దాని స్విచ్. ఆవిడ నొక్కితే ఇక్కడ వెలుగుతుంది. పిలుస్తోందని అర్థం.

చెవులు పోయాక మేస్త్రి మనుషుల్లోకి వెళ్లడం మానేశాడు. ఎవరో ఒకటి అడగడం, తానింకోటి చెప్పడం, చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసుకోవడం. ఆ నవ్వులపాటు కంటే ఇంట్లో ఓ మూల కూర్చోవడమే నయమనుకున్నాడు. కనీసం పాత నేస్తాలనైనా భోజనానికి పిలవమని భార్య పోరగా పోరగా సరేనన్నాడు. తీరా పిలిచాక ఆవిడ మెట్టు జారి కాలు విరగ్గొట్టుకుంది. మానేద్దామంటే ససేమిరా ఒప్పుకోలేదు.

"వంట మీది, విజిల్ నాది. మూడోది రాగానే లైటు వేస్తాను. వచ్చి కట్టేయండి," అంది.

ఆ లైటు వెలగలేదు. కబుర్లలో పడినా మేస్త్రి మధ్యమధ్య దానివైపు చూస్తూనే ఉన్నాడు. పొడుగాయన స్టూలు అవసరం లేకుండానే బల్బు ఊడదీసి చూశాడు. తీగ తెగలేదు. అంటే, నొప్పి మాత్ర వేసుకుని నిద్రపోయి ఉంటుంది. కూర మాడిందని తెలిస్తే, తన వల్లే నలుగురిలో భర్త పరువు పోయిందని కుమిలిపోతుంది. ఇంకెప్పుడూ ఎవర్నీ పిలవమనదు. కూర పోతే పోయింది, మేస్త్రి భయమంతా అదీ.

"ఆవిడకు తెలియకూడదు," అన్నాడు చేతులతో.

ముగ్గురూ తలలూపారు. మేనేజరు తనిఖీకి వస్తున్నాడంటే షెడ్డులో ఎలా కదిలేవారో అలా కదిలారు. పొడుగాయన కిటికీలన్నీ తెరిచి తువ్వాలుతో పొగ విసిరాడు. అందరూ బావా అని పిలిచే బావ, కుక్కర్ ముందేసుకుని తోమడం మొదలెట్టాడు. నూనెడబ్బా గుడ్లు కొట్టి అట్లు వేశాడు. ఆవిడ నిద్ర చెడకూడదని నలుగురూ మునివేళ్ల మీదే నడిచారు. అలా నడుస్తూనే బావ కుక్కర్ మూత కింద పడేశాడు. పొడుగాయన పళ్లేల దొంతర గోడకేసి కొట్టాడు. పక్క వీధిలో పిల్లలు ఉలిక్కిపడి ఉంటారు. వీళ్లు మాత్రం, చప్పుడు చేయకుండా భలే చక్కబెట్టామని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ముందు ఆవిడకు పెట్టి రమ్మని నేస్తాలు తోశారు. మేస్త్రి పళ్లెంలో గుడ్డట్టూ రొట్టే పెట్టుకుని పడకగదిలోకి వెళ్లాడు. ఆవిడ కళ్లు తెరిచే ఉంది.

"ఇప్పుడే లేచావా?" అన్నాడు, వీలైనంత మామూలుగా.

ఆవిడ పళ్లెంలోకి చూసి, కోడికూర ఏమైందని అడిగింది. కుక్కర్ రబ్బరు పోయిందనీ, అందుకే అసలు స్టవ్ మీదికే ఎక్కించలేదనీ, రేపు తీరిగ్గా వండుకోవచ్చనీ మేస్త్రి ఏకరువు పెట్టాడు. అబద్ధం ఆడటం చేతకానివాడు కాబట్టి చెప్పినంతసేపూ ఆవిడ కాలికున్న కట్టు సవరిస్తూనే ఉన్నాడు.

ఆవిడ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. గుడ్డట్టు బాగుందని మెచ్చుకుంది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కామనుకుని, నేస్తాలకు ఆ మాట చెప్పడానికి లేవబోయాడు.

ఆవిడ అతని గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది, తన పెదాలు కనపడేలా.

"నేను నిద్రపోలేదండీ," అంది. "మూడో విజిల్‌కి స్విచ్ మీద వేలు పెట్టాను. అంతలో ఎన్నాళ్లకో మీ నవ్వు వినిపించింది. నొక్కబుద్ధి కాలేదు."