ఎత్తి పట్టిన గంప

పొద్దున్నే సలోమమ్మ కోళ్ళ గంప ఎత్తడం ఆలస్యం, కోడిపిల్లల్లో చుక్కలపిల్ల ఒక్క పరుగున పోయి, ఆమె అప్పుడే ఆరబెట్టిన వడియాల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిరిగేసింది. తల్లికోడి వద్దు వద్దని మొత్తుకుంటున్నా వింటేనా? అంతా పాడుచేశాక సిగ్గేసి, పోయి రోలు చాటున నక్కింది.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. మిగతా పిల్లలన్నీ తల్లి వెంట గంప కిందికి చేరాయి. అయినా సలోమమ్మ గంప దించలేదు. ఒక పక్క ఎత్తి పట్టుకుని, తడుస్తూ, పిలుస్తూనే ఉంది.

చుక్కలపిల్లకి వింతగా తోచింది. ‘తొక్కింది నేనేనని కళ్ళారా చూసిందే! ఇంకా నన్నెందుకు పిలుస్తోంది?’

కాళ్ళకి పిండి ఇంకా అంటుకునే ఉంది. ఆ కాళ్ళతోనే మెల్లగా వచ్చి లోపలికి దూరింది. అప్పుడు దిగింది గంప.

“అమ్మా, నేనెక్కడ దాక్కున్నానో ఆవిడకి తెలుసు. పట్టుకొచ్చి లోపల పడెయ్యొచ్చుగా?” అని అడిగింది.

“పడేస్తే లోపల ఉండేదానివే. కానీ నువ్వు వచ్చినట్టు కాదుగా,” అంటూ తల్లికోడి ఒక రెక్క ఎత్తి, అలాగే ఉంచింది.