రెండు కొసల కెరటం

రాకేశ్ చేసిన సముద్రం మళ్లీ నవ్వులపాలైంది.

పంజాగుట్టలో మూడో అంతస్తు ఆఫీసు. పాతకాలపు తెరచాప ఓడల మీద వీడియో గేమ్ తయారవుతోంది. ఓడలు బ్రహ్మాండంగా కుదిరాయి. నీళ్లే మొండికేశాయి. ఇంటి కప్పు రేకుల్లా ఒకటే వరస, ఒకటే ఎత్తు.

"శుక్రవారం హనుమత్ప్రసాద్ గారు బొంబాయి నుంచి వస్తున్నారు" అంది టీమ్ లీడర్ మంజూష. "గేమ్ ఆయన కంపెనీదే. పైగా పదేళ్లు ఓడల్లో పనిచేసిన మనిషి. ఈ అలలు చూశారంటే ప్రాజెక్టూ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది రాకేశ్!"

రాకేశ్ గుండె జారిపోయింది. అమీర్‌పేటలో ఎవర్ని కదిపినా కంప్యూటర్ కోర్సు మాటే మాట్లాడే రోజులవి. మైత్రీవనంలో ఏడాదిపాటు కోర్సు మీద కోర్సు చేస్తే దొరికిన మొదటి ఉద్యోగం. పాపం, వాళ్లది జగిత్యాల. బుద్ధెరిగాక అతను చూసిన నీళ్లల్లా ఊరి చెరువే!

ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కి తిరిగొస్తే గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లబ్బాయి కనిపించాడు. తణుకు పక్క మనిషి. అరవై దాటాయి. కోస్తా ఆయనకు తెలియని సముద్రమా అనుకుని, రాకేశ్ అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచాడు.

"తాతా, జర గీ అలలు సూడు. ఎట్లున్నయ్?"

బుల్లబ్బాయి కళ్లజోడు సవరించుకుని చూశాడు. పకపకా నవ్వాడు.

"ఇదేం సముద్రం బాబూ! దుప్పటి దులిపినట్టుంది."

"నీకు గంత తెలుసా?"

"భలేవాడివే! ముప్పై ఏళ్లు కెరటాల పనే చేశాను. ఎన్ని ఓడలు దాటించానో, ఎన్ని ముంచానో లెక్కే లేదు. ఈ భుజాలు అందులోనే అరిగిపోయాయి."

ఇంకేముంది! నాలుగు రోజులు రాకేశ్ ఆయన్ని వదిలితే ఒట్టు. తెల్లారేసరికి రెండు టీ గ్లాసులతో గేటు దగ్గర హాజరు. బుల్లబ్బాయి కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ ఆడిస్తూ పాఠం చెప్పేవాడు.

"కెరటం ఒక్క వైపు నించే రాకూడదబ్బాయ్. ఇటు లేస్తే అటు వదలాలి. రెండూ కలుసుకున్న చోటే పొంగు."

"మరి తుఫానుకో?"

"తొందరపడకూడదు. ముందు ఓ క్షణం అంతా బిగబట్టాలి. చూసేవాళ్లు 'హమ్మయ్య' అనుకునే వేళకి ఒక్కసారిగా వదలాలి. అదీ దెబ్బ!"

రాకేశ్ పాత కోడంతా తీసేశాడు. రెండు దిక్కుల నుంచి అలలు పంపాడు. మధ్యలో పొంగు పెట్టాడు.

శుక్రవారం రానే వచ్చింది. హనుమత్ప్రసాద్ తెర ముందు కూర్చున్నారు. ఓడ నెమ్మదిగా పైకి లేచింది. ఆగింది. ఒక్కసారిగా కిందికి జారింది. ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు.

"ఆపండయ్యా, కడుపులో తిప్పేస్తోంది!" అంటూనే నవ్వేశారు. "మీలో ఓడెక్కిన మొనగాడెవరు?"

"మా హాస్టల్ తాత సార్" అన్నాడు రాకేశ్ గర్వంగా.

ప్రాజెక్టు నిలబడింది. అలల చప్పుడు రికార్డు చేసుకురమ్మని మంజూష అతన్ని మూడు రోజులు విశాఖపట్నం పంపిస్తానంది. రాకేశ్ ఒక్క పరుగున హాస్టల్‌కి వచ్చి బుల్లబ్బాయిని వాటేసుకున్నాడు.

"తాతా, నా నౌకరీ దక్కింది! వైజాగ్ పోతున్న. నువ్వు సుత రావాలె. నీ సముద్రం నువ్వే నాకు సూపియ్యాలె!"

బుల్లబ్బాయి మొహం వెలిగిపోయింది.

"తప్పకుండా వస్తాను బాబూ, ముప్పై ఏళ్లు నాటకాల కంపెనీలో స్టేజీకి ఓ పక్కన కూర్చుని నీలం గుడ్డ కొస పట్టుకు ఊపడమే గానీ, అసలు సముద్రం ఎలా ఉంటుందో నేనూ ఇంతవరకూ చూళ్లేదు!"