ఒక్కసారి మూత తీసి సూడు

“ఈ బండి దారిలో అంటుకుంటాదిరా పింటూ.”

అప్పలనర్సమ్మ ఆ మాట అనేసరికి ఇంకా ఎవరూ తాళం కూడా తిప్పలేదు. హల్దియాపదర్‌లో ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఎర్ర కారు ఇంజను మూత వేసుకుని బుద్ధిగా నిలబడి ఉంది. పింటు వంగి చక్రాల్లో గాలి చూసుకుంటున్నాడు. ఇవాళ ఆదివారం, తొమ్మిదింటికల్లా గోపాల్‌పూర్‌లో కార్ల పోటీకి చేరాలి.

పింటు గాలి చూసుకుంటూనే ఉన్నాడు. తల్లి భయాలకు బదులు చెప్పడం ఎప్పుడో మానేశాడు. కుక్కరు మూడో కూత వేసేదాకా వంటింటి గుమ్మం బయట నిలబడే మనిషి ఆవిడ. ఆటో ఎక్కితే దిగేదాకా కళ్ళు తెరవదు.

జవాబు చెప్పింది కాసులు. షెడ్డులో పింటుకి భాగస్తుడు, ఆవిడకు వరసకు తమ్ముడు.

“కిచ్చి హెబొని అప్పా, ఏటీ అవదు. దాని వేడికి మందేసే ఉంచినాం.”

“ఏటా మందు?” చేతులు గోక్కుంటూ అడిగింది ఆవిడ.

“ఇంజను పొగ బయటికెల్లే గొట్టాలుంటాయి, హెడ్డరంటాం. జోరు కోసం లావువి ఏసినాం. బండి పరుగెడితే కొలిమిలో ఇనుములాగ ఎర్రగయిపోతాయి. ఆ సెగ పక్కలకి కొట్టకుండా గాజునూలు పట్టీ సుట్టినాం. ఆ నూలు ఒంటికి గుచ్చుకుంటాదని నిండు సేతుల సొక్కాలు, తొడుగులు ఏసుకుని, శుక్రవారం పొద్దల్లా అదే పని. నువ్వు గుడ్డెట్టి గిన్ని దించవా, అలాగన్నమాట.”

“ఆ పట్టీ లేకపోతే బండి కదలదు కదా?”

“ఎందుకు కదలదు? ఎంచక్కా కదుల్తాది. సిక్కంతా అక్కడే ఉంది. ఓ పది కిలోమీటర్లు ఎల్లాక పక్కనున్న పెట్రోలు గొట్టం మెత్తబడి కారుతాది. ఆ పైన నువ్వన్నట్టే.” కాసులు నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. షెడ్డు రేకులు నెత్తి మీదికి దిగినట్టయింది. ఈ పోటీలో గెలిస్తే భువనేశ్వర్ జట్టువాళ్ళు పింటుని తీసుకుంటారట. తీసుకుంటే ఇక వారం వారం ఇదే గోల. నెల నుంచి ఆవిడకు సరిగ్గా అన్నం దిగడం లేదు.

“పింటూ, ఒక్కసారి మూత తీసి సూడు.”

“శుక్రవారం సూసినానమ్మా.”

“ఇప్పుడు సూడు.”

“టైమయిపోతంది.”

ముందుకు పోలేక, వెనక్కి రాలేక ఆవిడ గుంజ పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి తడి చింతపండు ముద్ద తెచ్చుకుని చేతులకు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

“నిన్న కంద కోసినాను. సింతపండు రుద్దినా ఈ దురద పోదేటిరా?”

పింటు తాళం అందుకున్నాడు.

“కంద కూరా? మాకు మిగల్సలేదేటి?” అన్నాడు కాసులు.

“మీరున్నారేటి? పడవ ఇంజనని పొద్దున మార్కండి పోయి దీపాలేళకి కదా వొచ్చినారు.”

పింటు కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అప్పలనర్సమ్మ గబగబా వెళ్ళి కారుకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ మూత మీద ఆనించింది.

“నన్ను తొక్కి ఎల్లు.”

“సూసెయ్రా బాబూ, అప్ప ఒదల్దు,” అన్నాడు కాసులు విసుగ్గా.

పింటు దిగాడు. మూత ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కాసులు తొంగి చూశాడు. నాలుగు గొట్టాలూ నున్నగా మెరుస్తున్నాయి. పట్టీ లేదు. బిగించిన స్టీలు తీగలు తెగి కింద పడి ఉన్నాయి.

“ఎవడో కోసేసినాడ్రా. పైవీధి షెడ్డోళ్ళ పనే ఇది. మనం గెలుస్తామని ఏడుపు.” కాసులు ఆవిడ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. “అప్పా, ఠాకురాణి తల్లే నీ నోట పలికింది. లేకపోతే ఈ పాటికి సగం దారిలో ఉండేవోళ్ళం. నిన్న ఎవరైనా ఇటొచ్చినారా?”

“ఎవరూ రాలేదు.”

“నువ్వు కునుకు తీసుంటావు.”

“లేదురా. కన్ను మూయలేదు.”

కాసులు తిట్టుకుంటూ పైవీధి వైపు బయలుదేరాడు. పింటు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. గొట్టాల వంక చూశాడు. తెగిన తీగల వంక చూశాడు. తర్వాత తల్లి చేతుల వంక చూశాడు. వేళ్ళ కొసల నుంచి మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. ఆవిడ తల ఎత్తకుండా చింతపండు రుద్దుతూనే ఉంది. రోడ్డు మీద గోపాల్‌పూర్ బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి ఇక చేరలేరు.

పింటు నీళ్ళ మగ్గు తెచ్చి ఆవిడ ముందు కూర్చుని, పిడికిలి విప్పించి ఆ ముద్ద తీసి పక్కన పెట్టాడు. ఆ చేతుల మీద నీళ్ళు పోశాడు.

“గాజునూలు సింతపండుకి పోదమ్మా.”